మనిషి కణాలు ఎక్కించని ఎలుక

మాది తిరుమణి. పొలం సోలారు కంపెనీకి లీజుకిచ్చినాక మా నాయన ఆ ప్యానెళ్ల దగ్గరే కాపలాకు చేరినాడు. నేను బీఎస్సీ చదివి బెంగళూరులో ఒక పరిశోధన ల్యాబులో టెక్నీషియన్‌గా చేరినాను.

అక్కడ మెదడు జబ్బులకు వైద్యం కనిపెట్టేదానికి ఎలుకల మెదళ్లలోకి మనిషి కణాలు ఎక్కించేవాళ్లు. తర్వాత ఆ మెదడును సన్నటి పొరలుగా కోసి, ఏ కణం మనిషిదో తేల్చడం నా పని. దానికి మోనోక్లోనల్ యాంటీబాడీ అని ఒకటి ఉంటుంది. అది మనిషి కణంలోని కేంద్రకాన్నే పట్టుకుంటుంది, ఎలుక కణాల జోలికి పోదు. దాని మీద వెలిగే రంగున్న ఇంకో యాంటీబాడీ పోస్తే, మైక్రోస్కోపులో మనిషి కేంద్రకాలు ఎర్రగా కనిపిస్తాయి.

ఒకసారి పొర నిండా ఎర్రచుక్కలే. ఎక్కించిన కణాలన్నీ బతికినాయని మా సీనియర్ సంబరపడినాడు. నాకు నమ్మకం కుదరలేదు. మనిషి కణాలు అసలు ఎక్కించని ఎలుక పొరకు కూడా అదే రంగు వేసి చూసినాను. అదీ ఎర్రగానే వచ్చింది.

"సార్, మన మొదటి యాంటీబాడీ ఎలుకలో తయారైంది. రెండోది ఎలుక యాంటీబాడీ యాడ కనపడినా పట్టుకుంటుంది. ఈ మెదడులో ఎలుక సొంతవి కూడా ఉంటాయి గదా. వాటికి అంటుకున్న రంగే ఇది" అన్నాను.

"ఆ స్లైడు పక్కన పడెయ్. మన పరిశోధన పేపర్లో చూపించాల్సిన పని లేదు."

"రికార్డు పుస్తకంలో రాసేసినాను సార్. కొట్టెయ్యను."

"నీ పని రంగులెయ్యడం. ఆలోచించేదానికి మేమున్నాం. నాలుగు రోజులు ఊరికి పోయి, బుద్ధి తెచ్చుకుని రా."

ఊళ్లో నాయన విని మొహం ముడుచుకున్నాడు. "పెద్దోళ్లతో నీకెందుకమ్మా? చెప్పినట్టు చేస్తే పోలా?"

"లేనిదాన్ని ఉండాదని ఎట్ల చెప్పేది నాయనా?"

చెనక్కాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తింది. "రేపు జబ్బుమనుషులు దీన్ని నమ్ముకుంటారా?"

"పని చేస్తే నమ్ముకుంటారు."

"అట్లయితే నువ్వు అన్నదే సరి. ఉద్యోగం పోతే పోనీ. ఈడ ప్యానెళ్లు కడిగేకి మనుషులు కావల్లంట."

నాయన లేచి ప్యానెళ్ల కాపలాకు పోయినాడు.

తిరిగి పోయినాక సీనియర్ దగ్గరికి పోలేదు. రెండు స్లైడులూ తీసుకుని నేరుగా ల్యాబు పెద్ద మేడమ్ గదిలోకి పోయినాను. ఆమె చాలాసేపు చూసి, "మళ్లీ చెయ్, ఈసారి వేరే యాంటీబాడీతో" అనింది. కుందేలులో తయారైనది, దాన్ని మాత్రమే పట్టుకునే రంగు యాంటీబాడీ తెప్పించినాము. ఈసారి ఉత్త ఎలుక పొర చీకటిగా ఉంది. కణాలు ఎక్కించిన పొరలో ఎర్రచుక్కలు అక్కడొకటి, ఇక్కడొకటి. తక్కువే, కానీ నిజమైనవి. పేపర్లో అవే అచ్చయినాయి.

సీనియర్ నాతో మాటలు మానేసినాడు. పని ఏదైనా ఉంటే చీటీ రాసి నా టేబుల్ మీద పెట్టేవాడు. నేను ఆ చీటీ పట్టుకుని, పదిమందీ ఉన్నప్పుడే ఆయన ముందర నిలబడి "ఏం చెయ్యాలి సార్?" అని అడిగేదాన్ని. నోరు విప్పేదాకా కదిలేదాన్ని కాదు.