బిల్డ్ ఫెయిలయిందని చెప్పే మనిషి

చికాగో దగ్గర అరోరాలో మా టౌన్‌హోమ్ బేస్‌మెంట్‌లో ఒకప్పుడు ఐదు కంప్యూటర్లు ఉండేవి. ఒక్కటీ కొత్తది కాదు. ఒకటి మా ఆయన ఆఫీసులో పాతబడిందని ఇచ్చేసిన విండోస్ మెషిన్. రెండు గరాజ్ సేల్స్‌లో దొరికిన మాక్‌లు. ఒకటి నేనే విడిభాగాలు తెప్పించి బిగించుకున్న లినక్స్ డబ్బా. ఇంకొకటి ఏదో యూనివర్సిటీ వాళ్లు పారేసిన పాత వర్క్‌స్టేషన్. దాన్ని ఆన్ చేస్తే మిక్సీలో శనగపప్పు వేసినట్టు మోత. ఇంటికొచ్చిన స్నేహితులకి మా ఆయన వాటిని చూపించి, "మా ఆవిడ కంప్యూటర్లకి ధర్మాసుపత్రి పెట్టింది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను టీ పెట్టడానికి పైకి వెళ్లేదాన్ని.

నేను వరంగల్‌లో ఎంసీఏ చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాను. పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఆ వీసా మీద ఇక్కడ ఉండొచ్చు, జీతానికి పని చేయకూడదు. ఆ సంగతి వచ్చేముందు తెలియక కాదు. తెలియడం వేరు, పొద్దున్నే మా ఆయన కారు వెళ్లిపోయాక ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం వేరు.

తోచక ఒకరోజు ఒక ఉచిత ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేశాను. ప్రయోగశాలల్లో తీసిన కొలతలకి గ్రాఫులు గీసేది అది. దాని కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా సరిచేసి పంపొచ్చు. ఆ కోడ్‌ని ఒక్కొక్క రకం కంప్యూటర్ మీద నడిచేలా తయారు చేయడాన్ని బిల్డ్ అంటారు. లినక్స్‌లో చక్కగా తయారయ్యేది విండోస్‌లో మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో పట్టుకోవడానికి వారం పట్టింది. సరిచేసి పంపితే, ప్రాజెక్ట్ నడిపే పెద్దాయన నుంచి "తీసుకున్నాను" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆ ముక్క చదువుకుని ఆ సాయంత్రం నేను పాయసం చేశాను.

అలా రెండేళ్లలో బిల్డ్ అంతా నా మీదికి వచ్చింది. ఎవరు ఏ మార్పు పంపినా నా ఐదు మెషిన్ల మీదా తయారుచేసి, పరీక్షలు నడిపి, ఎక్కడ తప్పిందో ప్రాజెక్ట్‌లో అందరికీ వెళ్లే మెయిలింగ్ లిస్టులో రాసేదాన్ని. అది ఎవరికీ నచ్చే పని కాదు. కొత్త సంగతి చేశానని ఒకడు గొప్పగా రాస్తాడు, నలుగురు మెచ్చుకుంటారు, కాసేపటికి నా మెయిల్ వస్తుంది, మాక్ మీద నడవడం లేదని. పెళ్లివారు గడప దాటుతుంటే తుమ్మిన ఆడదానిలా తయారయ్యాను. పెద్దాయన ఎప్పుడూ మాట పారేసుకునేవాడు కాదు, చల్లగా కోసేవాడు. "నీ మ్యూజియంలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఈ తప్పు వస్తుందా?" అని అందరూ చదివేచోట అడిగేవాడు. వస్తుందని నిరూపించేదాన్ని. అప్పుడు తప్పు నిశ్శబ్దంగా సరయ్యేది.

ఆ రోజుల్లో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. గుంటూరువాడు, ఎంఎస్ అయిపోయి ఏదో కన్సల్టెన్సీలో చేరాడు. లిస్టులో నా పేరు చూసి నంబర్ అడిగి తీసుకున్నాడు.

"అక్కా, ఈ ప్రాజెక్ట్‌లో మనవాళ్లెవరూ ఉండరనుకున్నా. మీ పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. బిల్డ్ ఎలా చేస్తారో నాక్కూడా నేర్పిస్తారా?"

నేర్పాను. ఆఫీసుకి ట్రైన్‌లో వెళ్తూ రోజూ ఫోన్ చేసేవాడు. ఏ మెషిన్‌కి ఏ జబ్బు ఉందో, ఏ పరీక్ష ఎక్కడ అబద్ధం చెబుతుందో, అన్నీ చెప్పాను. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు కొడుక్కి కూడా అంత ప్రేమగా ఎవరూ వడ్డించి ఉండరు.

ప్రాజెక్ట్ వాళ్లంతా చికాగోలో కలిశారు ఒకసారి. నేను నల్ల బ్లేజర్ కొనుక్కుని ట్రైన్ ఎక్కి వెళ్లాను. అబ్బాయి నాకోసం సీటు ఆపాడు. పెద్దాయన వేదికెక్కి మాట్లాడుతూ, కాస్త నవ్వుకుందాం అన్నాడు. తెర మీద నా మెయిల్ పడింది. పేరు మీద నల్లగీత కొట్టారు, మర్యాద కోసం. దాన్ని ఆయన తల అటూ ఇటూ ఊపుతూ, మన యాసలో చదివాడు. "బిల్డ్ ఈజ్ ఫెయిలింగ్ సిన్స్ ఎస్టర్‌డే ఓన్లీ. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

హాలంతా నవ్వింది. ఆ మెయిల్‌లో ఏ తప్పు గురించి రాశానో ఒక్కరూ చూడలేదు. పక్కకి తిరిగి చూస్తే అబ్బాయి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

లంచ్‌లో నా పక్కనే కూర్చున్నాడు. "ఫీల్ అవ్వకండి అక్కా. నిజం చెప్పాలంటే అది లిస్టులోంచి వెతికి నేనే ఆయనకి ఫార్వర్డ్ చేశా. ఇక్కడివాళ్లకి ఆ ఇంగ్లిష్ ఫన్నీగా ఉంటదని చెప్పా. దాంతో కొంచెం ఐస్ పెట్టొచ్చు కదా అని."

"నువ్వేనా పంపింది?" అన్నాను.

"పేరు తీసేయమన్నా కదక్కా."

పెద్దాయన ప్లేటు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. సరదాగా తీసుకున్నందుకు థాంక్స్ అని చెయ్యి కలిపాడు. నేను నవ్వాను. తిరుగు ట్రైన్‌లో బ్లేజర్ విప్పి ఒళ్లో పెట్టుకుంటే దానికింకా ట్యాగ్ దారం వేలాడుతూ ఉంది.

ఆ తర్వాత లిస్టులో తప్పులకి కొత్త పేరు వచ్చింది. ఎక్కడ బిల్డ్ ఆగినా "ఇంకో నీడ్‌ఫుల్ వచ్చింది" అని రాసుకునేవాళ్లు. నేను రిపోర్ట్ పంపితే కింద నవ్వు బొమ్మలు పడేవి. అయినా మానలేదు. మానేస్తే మళ్లీ గోడలు చూడాలి.

ఇంకో ఏడాదికి ఒక కంపెనీ ప్రాజెక్ట్‌కి డబ్బిస్తానంది. బిల్డ్ చూడటానికి ఒక మనిషికి జీతం ఇస్తారట. నన్నెవరూ అడగలేదు. నేను జీతం తీసుకోకూడదని అబ్బాయి వాళ్లకి ముందే చెప్పి ఉంచాడు. ఉద్యోగం అతనికొచ్చింది, వీసా కూడా ఆ కంపెనీయే చేసింది. వచ్చీరాగానే కోడ్ అంతటినీ పాతచోటి నుంచి కొత్తచోటికి మార్చాడు. కోడ్‌లో ఏ వరస ఎవరు రాశారో దాని పక్కనే నమోదై ఉంటుంది. ఆ మార్పులో, అంతకుముందు నేను ఏళ్ల తరబడి రాసిన ప్రతి వరస పక్కనా అతని పేరు పడింది. ఫైళ్ల పైన ఉండాల్సిన నా పేరు లేదు.

ఫోన్ చేశాను. "నా పేరేది?"

"అయ్యో, టూల్ అలా చేసింది అక్కా."

"టూల్‌కు నీ పేరు మాత్రం మంచిగనే గుర్తున్నదా?"

"మీ మంచికే చెప్తున్నా. డిపెండెంట్ వీసా మీద ఉండి ఇంత పని చేసినట్టు రికార్డులో ఉంటే రేపు గ్రీన్‌కార్డ్‌కి ప్రాబ్లమ్ అవ్వొచ్చు. అయినా మీరేమన్నా జాబ్ వెతుక్కోవాలా చెప్పండి?"

మా ఆయనకి చెబితే టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "ఫ్రీగ చేసినదానికి పేరెందుకు?" అన్నాడు. అప్పటికే బేస్‌మెంట్‌ని హోమ్ థియేటర్ చేయాలని కాంట్రాక్టర్‌తో మాట్లాడుకున్నాడు. నా మెషిన్లు గరాజ్‌లోకి వెళ్లాయి. ఆ చలికాలం కోటు వేసుకుని, మంచు గీకే బ్రష్‌ల పక్కన స్టూలు వేసుకుని పరీక్షలు నడిపాను.

కొత్త వెర్షన్ అక్కడే చూశాను. ఫైల్ తెరవగానే ప్రోగ్రాం దానికొక ఖాళీ కాపీ తయారుచేసి పెట్టుకుంటుంది. పేరు అదే, మొదటి ఇంగ్లిష్ అక్షరం మాత్రం క్యాపిటల్, అంటే పెద్దక్షరం. లినక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం వేరు, కాబట్టి రెండూ వేర్వేరు ఫైళ్లు. విండోస్‌కి, మాక్‌కి మామూలుగా రెండూ ఒకటే. అంటే ఖాళీ కాపీ వెళ్లి అసలు ఫైల్ మీద కూర్చుంటుంది. లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అబ్బాయి పరీక్షల్లో ఇది కనిపించలేదు. మాక్, విండోస్ పరీక్షలు ఆలస్యం చేస్తున్నాయని వాటిని ఆపేసి, అన్నీ పాసయ్యాయని చూపిస్తున్నాడు.

లిస్టులో రాశాను. మాక్, విండోస్ మీద వాడేవాళ్ల డేటా పోతోంది, విడుదల ఆపండి, అని. అబ్బాయి ఒకే వాక్యం రాశాడు. "నీడ్‌ఫుల్ అందింది." పెద్దాయన నవ్వు బొమ్మ పెట్టాడు. మళ్లీ రాశాను. వెర్షన్ విడుదలైంది.

మొదట పోయింది ఒక పరిశోధక విద్యార్థిని డేటా. నదిలో నీళ్ల మీద వేసవంతా తీసిన కొలతలు. మాక్ మీద ఫైల్ తెరిచింది, ఖాళీ అయిపోయింది. ఆమె తర్వాత ఇంకా చాలామంది. గగ్గోలు లేచింది. పెద్దాయన అందరికీ క్షమాపణ రాస్తూ ఒక మాట చేర్చాడు. ఒక వాలంటీర్ హెచ్చరించిన మాట నిజమే గాని, ఆ ఇంగ్లిష్ స్పష్టంగా లేక అర్థం కాలేదు, అని.

నేను ఆ విద్యార్థినికి విడిగా రాశాను. డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా వెంటనే ఆపేయమని, పాత ఫైల్‌ని ఎలా వెతకాలో చెప్పాను. కొంత దొరికింది, చాలావరకు దొరకలేదు. చివరికి ఆమె రాసింది: "నీకు ముందే తెలుసు. రెండు మెయిల్స్ రాసి ఊరుకున్నావా? ఇంకా గట్టిగా ఎందుకు అరవలేదు?" థాంక్స్ అన్న మాట ఎక్కడా లేదు. నాకు కోపం రాలేదు. నన్ను ఆ ప్రాజెక్ట్‌లో ఒక మనిషిగా లెక్కేసి తిట్టింది ఆమె ఒక్కతే.

కంపెనీవాళ్లు తప్పెవరిదని అడుగుతున్నారని అబ్బాయి ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక్క హెల్ప్. మాక్ టెస్ట్‌లు మీరే ఆపేశారని లిస్టులో రాయండి. పొరపాటైందని రాస్తే చాలు."

"నేనెందుకు రాయాలె?"

"మీకు పోయేదేముంది అక్కా? మీకు జాబ్ లేదు, అక్కడ పేరు కూడా లేదు. నాకైతే వీసా పోద్ది."

"పోతే పోనీ," అన్నాను.

"మీరింత కఠినాత్ములనుకోలేదు," అని పెట్టేశాడు.

ఉద్యోగం పోయింది గాని వీసా పోలేదు. నెల తిరక్కుండా టెక్సస్‌లో ఇంతకంటే పెద్ద ఉద్యోగం దొరికింది. అనుభవం కింద, అనేక ప్లాట్‌ఫామ్‌ల బిల్డ్ వ్యవస్థని మొదటినుంచీ తానే కట్టినట్టు రాసుకున్నాడని విన్నాను. పెద్దాయన ప్రాజెక్ట్ వదిలేశాడు. మా ఊరి రీసైక్లింగ్ సెంటర్‌కి మెషిన్లు నేనే తీసుకెళ్లాను. అక్కడి మనిషి వర్క్‌స్టేషన్‌ని బండి మీంచి లాగి గుట్ట మీదకి విసిరాడు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను.

2015లో మాలాంటి కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. మా పక్క ఊరు నేపర్‌విల్‌లో బిల్డ్ ఇంజినీర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. చేసిన పని చూపించమన్నారు. చూపిస్తే, ఇక్కడ వేరే పేరుంది కదా అన్నారు. జరిగింది చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మంచినీళ్లు కావాలా అని అడిగారు.

చివరికి ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో టెస్టర్‌గా చేరాను. తెర మీద బటన్లు నొక్కి, పని చేస్తున్నాయో లేదో చెప్పడం. మొదటి రివ్యూలో మేనేజర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా రిపోర్టులు మరీ కటువుగా ఉంటున్నాయని, టీమ్ నన్ను చూసి భయపడుతోందని చెప్పింది. కాస్త మెత్తగా రాయగలవా అని అడిగింది.

రాయలేనన్నాను.