ఎవరి బిడ్డను వాళ్ళు తేలేదు

చమురు డబ్బు పొంగి దోహాలో ఎటు చూసినా తవ్వకాలే కనిపించే డెబ్బైల చివర్లో, ఒక నిర్మాణ కంపెనీలో సంక్షేమాధికారిగా చేరాను. పేరు పెద్దదే, అధికారం మాత్రం అంతంతే. వైద్య కార్డులకు సిఫారసు రాయడం నా పని, సంతకం మేనేజరుది. సూపర్‌వైజరు, ఆపై గ్రేడుల వారి కుటుంబాలకే కార్డులు. డ్రైవర్ల పిల్లలకు లేవు. కార్డు లేనిదే కంపెనీ డాక్టరు చెయ్యి పట్టుకుని కూడా చూడడు.

ఒక ఉదయం అల్ మన్సూరా పేట నుంచి మా సూడాన్ డ్రైవర్ల భార్యలు గుంపుగా ఆఫీసుకు వచ్చారు. నల్లజాతి తల్లులు, ఒక్కొక్కరి చంకలో ఒక్కో బిడ్డ. పిల్లలందరికీ కార్డులు కావాలన్నారు. ఒక పిల్లవాడు ఆయాసంతో ఎగపోస్తున్నాడు. వాడొక్కడికి ప్రత్యేకంగా రాద్దామని, ఎత్తుకున్న హవ్వా అనే ఆమె పాస్‌పోర్టు అడిగాను. అందులో బిడ్డగా రాసి ఉన్నది ఆడపిల్ల పేరు! పక్కామెది చూస్తే అదీ కలవలేదు. ఇదేదో మోసమనుకుని గొంతు పెంచాను. హవ్వా నవ్వి అరబ్బీలో ఏదో అంది. ఆ భాష బాగా వచ్చిన మా కరీంనగర్ డ్రైవరు మల్లయ్యను పిలిచి అడిగాను.

“సార్, మొన్న మీరు ఒక్కామె మీద దయజూపి కార్డు ఇప్పిచ్చిన్రట. మిగిలినోళ్ళను యల్లా, పోన్రి అని పంపిన్రట. గందుకే ఇయ్యాల ఏ బిడ్డ ఎవ్వలదో మీకు తెల్వకుంట మార్చుకొని వచ్చిన్రు. ఒక్కలకే ఇస్తే ఎవ్వలు తీస్కోరట. ‘మేమంతా మీకు ఒక్క తీరుగనే కనవడ్తం గదా’ అని నవ్వుతున్నది.”

మరి ఈ పిల్లవాడి తల్లెవరు? గోడ పక్కన ఇంకొకరి పసిపాపను ఎత్తుకున్న ఆమెను, ఆ ఇళ్ళన్నీ ఎరిగిన మల్లయ్య చూపించాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. నీ కొడుక్కి ఇప్పుడే కార్డు ఇప్పిస్తాను, రమ్మన్నాను. కదలలేదు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. అసలీమె తల్లేనా అనిపించింది.

చేసేది లేక అందరికీ సిఫారసు రాసి మేనేజరు ముందు పెట్టాను. ఒక్కరి కోసమైతే రూలు పక్కన పెట్టొచ్చుగానీ ఇందరికెలా అని ఆయన విసుక్కున్నాడు. పిల్లవాడి ఎగపోత లోపలికి వినిపిస్తూనే ఉంది. చివరికి అన్నిటి మీదా సంతకం పెట్టాడు. అప్పుడుగానీ ఆ తల్లి చేతిలోని పాపను దించి, కొడుకును ఎత్తుకుని డాక్టరు గదికి పరిగెత్తలేదు.

అంతసేపు ఆమె ఎలా ఓర్చుకుందో ఈనాటికీ నాకు అంతుపట్టదు. ఒక్కరి మీద జాలిపడితే మిగతావాళ్ళను పంపించేయడం సులువవుతుందని మాత్రం ఆ రోజే తెలిసింది.