స్రవంతి పెళ్లి జాకెట్టు, నా రీలు

వెనక నుంచి చూస్తే పెళ్లికూతురు ఎవరో పెళ్లికొడుకే గుర్తుపట్టలేని పెళ్లి మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, దగ్గరుండి నేనే అలా చేశాను. దానికి నాకు కావలసి వచ్చినవి ఒక కుట్టుమిషను, ఒక ఫోను, బోలెడంత తెలివి. మొదటి రెండింటి తప్పేమీ లేదు.

అప్పుడు జహీరాబాద్‌లో నా టైలర్ దుకాణం కొత్తది. గిరాకీ రాక ఈగలు కూడా విసుగొచ్చి పక్క మిఠాయి కొట్టుకు వెళ్లిపోయాయి. పొద్దంతా ఫోను చూస్తూ కూర్చునేదాన్ని. అందులో ఎక్కడెక్కడి టైలర్లో రీళ్లు పెట్టి ఊపిరాడనంత పని తెచ్చుకుంటున్నారు. నాకు కడుపు మండింది.

అలాంటి సమయంలో చిరాగ్‌పల్లి నుంచి స్రవంతి వచ్చింది. అల్లం పండించే వాళ్ల అమ్మాయి, నెలలో పెళ్లి.

"అక్కా, మా ఇంటి ముంగట జామచెట్టు ఉన్నది. చిలుకలొస్తయి. నా పెండ్లి జాకెట్ వీపు మీద గవే కావాలె. నడుమ జామపండు, అటొకటి ఇటొకటి చిలుక."

"మస్తుంటది చెల్లె."

"కని ఒక్క మాట. పెండ్లిల గిసొంటిది ఇంకెవ్వరికి ఉండొద్దు. మా వదినలు నా చీర చూసి చీరలు కొన్నరు, గాజులు చూసి గాజులు కొన్నరు. ఇదొక్కటన్న నాది ఉండనియ్యి."

"ఫికర్ చెయ్యకు. నా నోట్లకెళ్లి ఒక్క మాట బయటికి రాదు."

నోట్లోంచి రాలేదు, ఒట్టు. ఫోన్లోంచి వచ్చింది.

ఏం చేయను చెప్పండి! ఆ జాకెట్టు అంత బాగా కుదిరింది. రంగు దారాలతో కుట్టిన ఆ చిలుకలను చూసి నా దిష్టే తగులుతుందని భయపడ్డాను. అమ్మాయి పేరు చెప్పడం లేదు, ఊరు చెప్పడం లేదు, ఇందులో తప్పేముందని నాకు నేనే నచ్చజెప్పుకుని రీలు పెట్టేశాను. కింద ఇలా రాశాను: "జహీరాబాద్‌ల ఇసొంటిది ఇంకొక్కటి లేదు. మీకు సుత కావాల్నంటే జల్దీ రండ్రి!"

ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవని మీకు వెంటనే తెలిసిపోయింది. నాకు తెలియలేదు.

మర్నాడు ఒకామె వచ్చింది. అటూ ఇటూ చూసి గుసగుసగా అడిగింది.

"చిలుకల జాకెట్ కావాలె. ఒక పెండ్లి ఉన్నది. ఎవ్వరికీ చెప్పకు."

"చెప్ప వదినా."

ఆమె మెట్లు దిగగానే ఇంకొకామె ఎక్కింది. "చిలుకలు కావాలె. నాకొక్కదానికే ఉండాలె, సమజైందా?" తర్వాత మరొకామె. అందరికీ అవే చిలుకలు, అదే తారీకు, అదే గుసగుస. మంచి ముహూర్తం, తాలూకా అంతా పెళ్లిళ్లేనని మురిసిపోయాను. మామూలు రోజుల్లో నా దుకాణంలో ఒక కబురు పడితే సూదిలో దారం ఎక్కేలోపు బజారంతా తిరిగి వస్తుంది. ఆ నెల మాత్రం ఒకరి సంగతి ఒకరికి పొక్కనివ్వలేదు. పెళ్లి ఎవరిదని అడగడం కూడా మర్యాద కాదనుకున్నాను. నా బతుకులో మర్యాదగా ఉన్నది ఆ ఒక్క నెలే.

చివరికి మిగిలిన గుడ్డతో, దుకాణానికి ప్రచారమని, నాక్కూడా ఒకటి కుట్టుకున్నాను.

స్రవంతి తన పెళ్లికి నన్నూ పిలిచింది. పెళ్లి హైవే పక్క ఫంక్షన్ హాల్లో. మండే ఎండాకాలం. అయినా ఆడవాళ్లందరూ కొంగులు భుజాల చుట్టూ బిగించి కప్పుకుని ఉన్నారు. పాపం జ్వరాలేమో అనుకున్నాను. నేనూ కప్పుకునే ఉన్నాను, సమయం చూసి తీద్దామని.

ఆ సమయం ఫొటోగ్రాఫర్ తెచ్చాడు. "ఆడోళ్లందరు స్టేజి మీదికి రాండ్రి. టైలరక్కా, నువ్వు సుత. పెండ్లిపిల్ల నడుమ. ఇగ అందరు అటు తిరిగి కొంగులు తియ్యండ్రి, వీపు మీది డిజైన్లు పడాలె. వన్, టూ, త్రీ!"

గోడవైపు తిరిగి ఉన్న మాకేమీ తెలియదు. వెనక హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. కింద నిలబడ్డ పెళ్లికొడుకు గొంతు వినిపించింది.

"గిండ్ల నా పిల్ల ఏది?"

స్రవంతి తిరిగి చూసింది. స్టేజి ఈ కొస నుంచి ఆ కొసదాకా చిలుకలు, జామపండ్లు. నేను గబగబా కొంగు లాక్కున్నాను.

"అక్కా, జర అటు తిరుగు."

"ఎందుకు చెల్లె, ఫొటో అయిపాయె కద."

"తిరుగు."

తిరిగాను.

"నువ్వు సుతనా అక్కా!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల నన్నడిగింది ఒకే ఒక్క కోరిక. అది కూడా నిలబెట్టలేకపోయానని నాకు నిజంగా సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏడవనిస్తేగా!

"నాకొక్కదానికే అన్నవు కదనే?" వాళ్ల పెద్దవదిన నా మీదికి వచ్చింది.

"అరే, నాకు సుత గట్లనే చెప్పింది!" అంది చిన్నవదిన.

చిలుకలన్నీ కలిసి నన్ను పొడిచేసేవే. స్రవంతే కళ్లు తుడుచుకుని గొంతు పెంచింది.

"అందరు మల్ల కొంగులు కప్పుకోండ్రి! తలంబ్రాలు అయ్యేదాంక ఎవ్వరన్న తీస్తె అన్నం లేదు. అక్కా, నీ ఫోనిటియ్యి. పోయి అన్నాలకాడ వడ్డియ్యి."

ఆ ఉక్కపోతలో అందరూ దుప్పట్లు చుట్టుకున్నట్టు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పీటల మీద పెళ్లికూతురి వీపున మాత్రం రెండు చిలుకలు దర్జాగా జామపండు తిన్నాయి. నేను సాంబారు బకెట్టు పట్టుకుని దూరం నుంచి చూసి, అమ్మయ్య అనుకున్నాను.

నా రీలును స్రవంతి తీసేసింది. ఫొటోగ్రాఫర్ తన రీలు అప్పటికే పెట్టేశాడు. ఆ వరుస వీపుల్ని ఊరంతా చూసింది. తర్వాత కొన్నాళ్లకు ఒక బడి పెద్దసారు ఫోన్ చేశాడు.

"ఆ పెండ్లిల జాకెట్లన్ని మీరే కుట్టిన్రా?"

"తప్పైంది సార్, ఇంకెప్పుడు చెయ్య."

"తప్పేందమ్మా! అందరికీ ఒక్కతీరుగ ఎంత మంచిగ కుట్టిన్రు! మా పిల్లలకు యూనిఫారాలు కుట్టాలె."

ఈరోజు నా దుకాణం నడుస్తున్నది ఆ యూనిఫారాల మీదే. మొదటిసారి కుట్టిచ్చినప్పుడు, చెయ్యి ఊరుకోక, బడిపిల్లలను వరుసగా నిలబెట్టి వెనక నుంచి ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. మొట్టమొదటి జవాబు స్రవంతిదే.

"అక్కా, గిండ్ల పెండ్లిపిల్ల ఎవరు?"

అందుకే, మెడలో టేపు వేసుకుని, కత్తెర మీద చెయ్యి పెట్టి, కుట్టుమిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పెళ్లికూతురి జాకెట్టయినా సరే, ఆమె తొడుక్కుని, పెళ్లాడి, ఉతికి ఆరేసేదాకా నా ఫోను కంట పడనివ్వను. గుసగుసగా మాట్లాడే గిరాకీ వస్తే మాత్రం, పెళ్లి ఎవరిదో గట్టిగా చెప్పేదాకా టేపు ముట్టను.