గాలి తిప్పే రెక్కలు

మధ్యాహ్నం కరెంటు పోయింది. నా కుట్టు దుకాణంలో ఫ్యాను టిక్కుటిక్కుమంటూ నెమ్మదించి, ఆఖరి చుట్టు బద్ధకంగా తిరిగి ఆగింది. దాంట్లోంచి వేడెక్కిన వార్నీషు వాసన సన్నగా దిగింది. ఆ వాసన తగిలితే చాలు, పైడయ్య మావ పక్కనే కూర్చున్నట్టుంటుంది నాకు.

కోటబొమ్మాళిలో స్టేషనుకెళ్లే దారిలో మావది ఫ్యాన్ల రిపేరు కొట్టు, పక్కది నాది. చుట్టరికం లేదు, పిలుపే మావ. నలభై ఏళ్లు ఫ్యాన్లకు తీగ చుట్టి వార్నీషు పూసిన మనిషికి చేతులు వణకడం మొదలై ఆ పని మానుకోవలసి వచ్చింది. అదిగో, అప్పుడు పట్టుకుంది పిచ్చి. ఫోనులో ఎవరో రిమోటుతో ఎగరేసిన బొమ్మ ఆటోగైరోను చూశాడు. ముందున్న చిన్న పంకాను మోటారు తిప్పుతుంది. నెత్తిమీది పెద్ద రెక్కలకు మాత్రం మోటారే ఉండదు, ఎదురుగాలికి అవే తిరుగుతూ బండిని మోస్తాయి.

"మోటారు ఆగినా పడిపోదంట, దిగుతాదంట. అది ఒక్కసారి నా కళ్లతో సూడాలే," అన్నాడు.

ముసలోడికి దసరా పండగని బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను, చివరికి రిమోటు పట్టిందీ నేనే. వణికే వేళ్లతో ఆయన పట్టలేడు మరి.

అలాంటిదే చెయ్యాలని మావ మోటారూ రిమోటూ తెప్పించి, తేలిక చెక్కతో రెక్కలు చెక్కి, ఫ్యాను రెక్కల్లాగే బాగా వాలుగా బిగించాడు. తిప్పి వదిలితే ఆగేవి, ఆగి వెనక్కి తిరిగేవి. వారం రోజులు చెక్కను తిట్టాడు, గాలిని తిట్టాడు, మధ్యలో నన్నూ తిట్టాడు. ఒకరోజు టీ గ్లాసు కింద పెట్టి తనలో తానే నవ్వుకున్నాడు.

"నలభై ఏళ్లూ గాల్ని నెట్టడమే నేర్సుకున్నాను గానీ, గాలి నెడితే తిరగడం నేర్సుకోలేదే పార్వతీ!"

రెక్కల వాలు తగ్గించి దాదాపు చదునుగా బిగించాడు. తిరిగాయి. నలభై ఏళ్ల విద్యను అంత తేలిగ్గా పక్కన పెట్టిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఆ జతను విరగ్గొట్టింది నేనే. రెక్కల్ని చేత్తో తిప్పి, గాలికి ఎదురుగా పెట్టి, అవి జోరందుకునే దాకా ఆగాలి. ఆగడం నాకు పుట్టుకతో చేతకాదు. మోటారు పెంచేశాను, బండి ఎడమకు ఒరిగి బోర్లా పడింది.

"కాలుగాలిన పిల్లిలాగ ఏటే ఆ తొందర? గాలి రావొద్దేటి?" అన్నాడు. అంతే, విరిగిన ముక్కలు ఏరడం మొదలెట్టాడు.

రెండో జత చెక్కడానికి నెలలు పట్టింది. వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకుని చెక్కాడు. "ఇంక నా వల్ల కాదే. ఇవే ఆఖరివి," అన్నాడు.

కోతలైన మడిలో, ఎండ లేతగా ఉండగా, గాలి కోసం నిలబడ్డాం. మావ రెక్కలు తిప్పి వదిలాడు. ఈసారి ఆగాను. రెక్కలు కలిసిపోయి పళ్లెంలా కనిపించాక మోటారు పెంచాను. లేచింది! రైలుకట్ట మీదుగా, తాటితోపు మీదుగా గుయ్యిమంటూ తిరిగింది. ఎంతసేపో తెలియదు, కలలో ఉన్నట్టే ఉంది.

"మోటారు ఆపు," అన్నాడు మావ.

"పడిపోతే? ఇంక రెక్కల్లేవు మావా!"

"దీని కోసమే గదేటే సెక్కినాను. ఆపు."

ఆపాను. మోత పోయి, రెక్కల సర్రుసర్రు మాత్రం మిగిలింది. బండి కిందికి జారుతుంటే నా బొటనవేలు మళ్లీ మోటారు మీదికి పోయింది. మావ వణికే చెయ్యి దాని మీద పడింది.

"ముక్కు కొంచెం దించు. ఇంకేటీ సెయ్యకు. గాలి ఉన్నాది."

నెమ్మదిగా దిగి వరి మోళ్ల మీద కూర్చుంది. రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మావ ఏడ్చాడు, కన్నీళ్లు దాచుకోలేదు. మళ్లీ ఎగరేద్దామంటే, "సూసీసినాను గదే," అనేవాడు.

ఆ వానాకాలం మంచం పట్టాడు. పెద్దాసుపత్రి, అంబులెన్సు అంటూ నేను ఊరంతా పరుగులు పెడుతుంటే దగ్గరికి పిలిచాడు.

"మోటారు ఆగినాది గానీ, పడిపోతన్నానేటే? దిగుతన్నాను. కూకో."

కూర్చున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని రెండు రోజులు అక్కడే కూర్చున్నాను.

కరెంటు ఇంకా రాలేదు. ఒకప్పుడైతే ఈపాటికి ఫోను చేసి ఎవరి మీదో అరిచేదాన్ని. కిటికీకి బిగించిన మావ రెక్కలు గాలికి తిరుగుతున్నాయి. నేను సూదిలో దారం ఎక్కించుకుని, ఆ వెలుతురులోనే కాజాలు కుట్టుకుంటున్నాను.