నాకే తెలియని నా మూర్ఛ

ఆ రోజు కంచన్‌బాగ్‌లో మా టిఫిన్ బండి దగ్గర పూరీలు వేయిస్తున్నాను. ఉన్నట్టుండి వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. కడుపులోంచి ఏదో గొంతులోకి ఎగదన్నింది. మళ్లీ తెలివి వచ్చేసరికి మా ఆయన యాదగిరి నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నా వేళ్లు కాగే నూనెకు బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"ఏందే పద్మా, గింతసేపట్నుంచి పిలుస్తున్న, పలుకవేంది?"

"ఎప్పుడు పిలిచినవ్?" అన్నాను.

గ్యాస్ అనుకున్నాం. అదే మళ్లీ మళ్లీ రావడంతో దగ్గర్లోని ఆస్పత్రిలో ఈఈజీ, అంటే మెదడు తరంగాలను గీతలుగా చూపే పరీక్ష, తీయించాం. నార్మల్ అన్నారు. "రిపోర్ట్ మంచిగున్నదంటున్నరు గద, ఇంక ఫికరెందుకు?" అంది మా అత్త. నేనూ ఆ మాటే పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఒక సాయంత్రం చెయ్యి కాలింది. కాలినట్టు కూడా నాకు తెలియలేదు.

అప్పుడు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. "ఈఈజీ తీసిన కాసేపట్లో ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని కాదమ్మా" అన్నారు. ఎమ్మారైలో కుడి కణత వైపు మెదడు భాగంలో, టెంపొరల్ లోబ్‌లో, మచ్చ కనిపించింది. ఇది మూర్ఛే అన్నారు. మాత్రలు మొదలుపెట్టారు, తర్వాత మార్చారు. ఒళ్లు తూలేది, ఆ వాసన మాత్రం ఆగలేదు.

చివరికి వీడియో ఈఈజీకి అడ్మిట్ చేశారు. తలంతా వైర్లు అంటించి, మాత్రలు తగ్గించి, ఎదురుగా కెమెరా పెట్టారు. ఏది రావద్దని ఇన్నాళ్లూ మొక్కుకున్నానో అదే రావాలని ఎదురుచూడాలి. యాదగిరి మూర్ఛ రాగానే నొక్కాల్సిన బటన్ చేతిలో పట్టుకుని నా మొహమే చూస్తున్నాడు.

"గట్ల చూడకు, భయమైతుంది" అన్నాను. అతను చూపు తిప్పలేదు.

తర్వాత డాక్టర్ ఆ రికార్డింగ్ మాకు చూపించారు. తెర మీద నేను ఉత్త నోరు నములుతున్నాను, దుప్పటి పీకుతున్నాను. యాదగిరి పిలుస్తుంటే ఎవరో తెలియనట్టు చూస్తున్నాను. పక్కన ఈఈజీ గీతలు ఎగిసిపడుతున్నాయి.

"గీతలు గింత పెద్దగున్నయి. జబ్బు గంత ముదిరిందా సార్?" అని అడిగాను.

"గీతల ఎత్తును బట్టి చెప్పలేమమ్మా. ఎన్నిసార్లు వస్తోంది, ఎంతసేపు స్పృహ పోతోంది, అవి చూడాలి. మీరు చెప్పినదానికంటే ఎక్కువసార్లే వచ్చింది. నిద్రలో కూడా."

"నేను పక్కనే పండుకుంట గద సార్, నాకెట్ల తెల్వలే?" అన్నాడు యాదగిరి.

ఇప్పుడు కొత్త మాత్రలతో తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆపరేషన్ కుదురుతుందా అని ఇంకా పరీక్షలు చేస్తున్నారు. బండి దగ్గర నూనె మూకుడు పని ఇప్పుడు యాదగిరిది. నేను పిండి కలిపి, పొట్లాలు కడతాను.

మీ ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలకకుండా అలా ఉండిపోతే, ముందు నిప్పు, నీళ్ల దగ్గర నుంచి జరపండి. తర్వాత ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. ఏం జరిగిందో ఆ మనిషిని అడిగి లాభం లేదు. ఆ మనిషికి తెలియదు.