ఆ షాహిద్ ఎవడో!

నేను దోహాకు వచ్చిన ఏడాది మా సైట్లో నాతో పనిచేసే మల్లన్న స్కాఫోల్డింగ్ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తప్పు అతనిదేనంది కంపెనీ. ఆ స్కాఫోల్డింగ్ బోల్టులు ముందే ఊడి ఉండటం చూసింది నేనొక్కణ్ణే.

మల్లన్న వేసిన కేసులో సాక్ష్యం చెప్పడానికి నేను కోర్టుకు వెళ్లడం అది మూడోసారి. ముందు రెండుసార్లూ పొద్దంతా కూర్చోబెట్టి వాయిదా వేశారు. ఆ రోజూ మల్లన్న లోపలికి వెళ్లాడు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి బంట్రోతు తలుపు తీసి "షాహిద్! షాహిద్!" అని అరిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ అరిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవడో ఈ షాహిద్, పిలుస్తుంటే పలుకడు! వీని వల్ల అందరి టైం ఖరాబ్!" అని పైకే తిట్టాను. తలుపు మూసుకుంది.

మల్లన్న చంకకర్రలతో బయటికొచ్చాడు. "ఏడ వోయినవ్‌రా? సాక్షి రాలేదని మళ్ల వాయిదేసిండ్రు!"

"ఈడనే ఉన్ననే! ఎవడో షాహిద్‌ను పిలిచిండ్రు గని నన్ను పిలువలేదు."

మల్లన్న తల కొట్టుకున్నాడు. "అరబ్బీల షాహిద్ అంటే సాక్షిరా!"

పేరు పెట్టి పిలిస్తే వాళ్ల సొమ్మేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు. నాలుగోసారి మాత్రం తలుపు కిర్రుమనగానే, ఎవర్ని పిలుస్తున్నారో వినకుండానే లేచి నిలబడ్డాను.