అస్కారికి సెలవిచ్చే రుహిందా

రుహిందాకి ఉన్నది ఒకటే జబ్బు: తాళాలు వెనక్కి పుచ్చుకోకుండా కుర్చీలోంచి లేవడు. టీకి లేచినా అంతే, తుమ్మొచ్చి కిటికీ దగ్గరికి వెళ్లినా అంతే. ఇంతా చేసి అవి బీరువా తాళాలు కావు. కంప్యూటర్లో ఉండే తాళాలు.

కంపాలాలో, ఎన్‌టిండా రోడ్డు మీద మూడో అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. జిల్లాల్లోని క్లినిక్కుల కంప్యూటర్లకి ఏ రోగమొచ్చినా ఇక్కడ కూర్చునే వైద్యం చేస్తారు. అంత దూరాన ఉన్న కంప్యూటర్లోకి వెళ్లాలంటే ఒక్కొక్కరికీ ఒక రహస్య తాళం ఉండాలి. ఆ తాళం బయటికి తియ్యాలంటే బారెడు సంకేతవాక్యం కొట్టాలి. రోజుకి నలభైసార్లు అంత పొడుగు వాక్యం ఎవరు కొడతారు? అందుకని తెర వెనక ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. పొద్దున్నే ఒకసారి తాళం దానికి అప్పగిస్తే సాయంత్రం దాకా అడిగిన తలుపల్లా అదే తీసిపెడుతుంది. లోకమంతా దాన్ని ఏజెంట్ అంటుంది. రుహిందా మాత్రం, గేటు దగ్గర కాపలావాణ్ణి పిలిచినట్టే, అస్కారి అంటాడు.

అనడమే కాదు, పలకరిస్తాడు కూడా. పశువులు మేపుకునే అంకోలే వైపు మనిషి, పలకరింపు మొదలెడితే పశువుల క్షేమం కనుక్కునేదాకా ఆగడు.

"ఎలా పడుకున్నావు అస్కారీ? ఇంట్లో అందరూ బాగున్నారా? ఇదిగో, ఒక్క తాళం ఇస్తున్నాను. పదే పది నిమిషాలు. ఆ తర్వాత నువ్వు మర్చిపోవాలి. మర్చిపొమ్మని నేను మళ్లీ గుర్తు చెయ్యను."

కొత్తగా చేరిన నాన్సికోంబికి మొదటి రోజే ఈ మనిషి పక్క కుర్చీ దొరికింది. అక్కడ మర్యాదకి ఆడవాళ్లని న్యాబో అనీ, మగవాళ్లని సేబో అనీ పిలుస్తారు. ఆమె మంచినీళ్ల కోసం లేచిందో లేదో రుహిందా గొంతు వినిపించింది.

"న్యాబో, అస్కారికి సెలవిచ్చావా? తాళం వెనక్కి పుచ్చుకున్నావా?"

"ఇక్కడికే కదా సేబో, రెండడుగులు."

"ఇంకొకడికి నీ కుర్చీ దాకా రావడానికీ రెండడుగులే."

ఒకసారి నిప్పు ప్రమాదాల తనిఖీకని గంట మోగించారు. అందరూ మెట్ల మీద పడి పరిగెత్తారు. రుహిందా మాత్రం తాపీగా తాళాలు వెనక్కి పుచ్చుకుంటూ కూర్చున్నాడు. నాన్సికోంబికి ఒళ్లు మండిపోయింది.

"మంటలే వస్తే కంప్యూటరే కాలిపోతుంది కదా సేబో! ఇంకా తాళాలేమిటి?"

"కాలకపోతే?" అన్నాడు.

ఇంకోసారి బోడాబోడా అనే అద్దె మోటారుసైకిలెక్కి ఇంటికి బయల్దేరి సగం దారిలో అనుమానం వచ్చి, బండి వెనక్కి తిప్పించుకుని, మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. చూస్తే అస్కారి చేతులు ఖాళీగానే ఉన్నాయి. అప్పుడు కూడా ఊరుకోలేదు. తనకి అనుమానం తెప్పించినందుకు దాన్నే తిట్టి వెళ్లాడు.

నాన్సికోంబి కూడా మనిషే. విసిగిపోయింది. క్లినిక్కుల్లోకి నేరుగా వెళ్లడం కుదరదు, ముందు మధ్యలో ఉన్న ఒక ఉమ్మడి మెషీన్లోకి వెళ్లాలి. అక్కడిదాకా మన అస్కారిని వెంటబెట్టుకెళ్లే సౌకర్యం ఒకటుంది. రుహిందా దాన్ని అందరి కంప్యూటర్లలోనూ ఎప్పుడో మూసేశాడు. ఆ మెషీన్ మీద పూర్తి అధికారాలున్నవాళ్లెవరైనా మనం తెచ్చిన అస్కారిచేత తమకి కావలసిన తలుపులు కూడా తీయించుకోగలరు, ఎవరెప్పుడు లోపలికి వెళ్లారో రాసే చిట్టాలో మాత్రం మన పేరే పడుతుంది. ఇదంతా అతను మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఆమె ఆవులించింది. ఒక సోమవారం, ప్రతిసారీ వాక్యం కొట్టలేక, ఆ సౌకర్యాన్ని చడీచప్పుడు లేకుండా తెరిచేసింది.

శుక్రవారంతో ఆమె మూడు నెలల పరీక్షాకాలం పూర్తవుతుంది. మేనేజర్ అటిమ్ మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. బుధవారం మధ్యాహ్నం నాన్సికోంబి కింది అంతస్తులో కూర్చుని అరటికాయ మటోకె, వేరుశనగ పులుసు తింటుండగా, అరువా వైపు ఒక క్లినిక్కులో పిల్లల టీకాల జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ముందురోజు నకలు ఉండబట్టి సాయంత్రానికి తిరిగి తెచ్చారు. కానీ చిట్టా తీస్తే, లోపలికి వెళ్లింది నాన్సికోంబి అని ఉంది.

"నేను తింటున్నాను సేబో, ఒట్టు!" నాన్సికోంబి రుహిందా దగ్గరికి పరిగెత్తింది.

"నువ్వు తింటున్నావు. అస్కారి?"

"డ్యూటీలోనే ఉన్నాడు."

"మధ్య మెషీన్లో?"

ఆమె ఏడ్చేసింది. రుహిందా తిట్టలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, ముందు ఆ సౌకర్యం ఆమె చేతే మూయించాడు. తర్వాత నాలుగు ఫోన్లు చేశాడు. మధ్య మెషీన్ చూసుకునే కాంట్రాక్టు మనిషి, పాత ఫైళ్లు తుడవడానికి, తెరిచి ఉన్న దారిన వెళ్లి, తప్పు అరలో చెయ్యి పెట్టాడని తేలింది.

"వాడి సంగతి వాడి కంపెనీ చూసుకుంటుంది," అంది ఇద్దర్నీ తన గదికి పిలిపించిన అటిమ్ మేడమ్. "మన దారి తెరిచి పెట్టిందెవరు? అది చెప్పండి. వాళ్లు సోమవారం నుంచి రానక్కర్లేదు."

నాన్సికోంబి నోరు తెరిచేలోగా రుహిందా ముందుకొచ్చాడు.

"నేనే మేడమ్. ఈమె కంప్యూటర్లో దాన్ని మూయడం మర్చిపోయాను."

మేడమ్ కళ్లజోడు తీసింది. "నువ్వా? తుమ్మడానికి కూడా తాళాలు వెనక్కి తీసుకునేవాడివి, నువ్వు మర్చిపోయావా?"

"వయసు మేడమ్."

"నీకు నలభై మూడే కదయ్యా!"

"మా వైపు తొందరగా వస్తుంది."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా పదిహేనేళ్లుగా పనిచేస్తున్న మనిషిని పంపెయ్యలేదు. రుహిందాకి హెచ్చరిక ఉత్తరం రాయాలంది, అది నాన్సికోంబే టైపు చెయ్యాలంది.

బయటికి రాగానే నాన్సికోంబి అతని దారికి అడ్డం నిలబడింది. "ఎందుకు సేబో ఇదంతా?"

"నాకు దొంగలంటే భయమనుకున్నావా న్యాబో? చిట్టాకి మనిషి కనపడడు, పేరే కనపడుతుంది. నా మొదటి ఉద్యోగంలో పక్క కుర్చీవాడి పేరు ఇలాగే పడింది. వాడు నాతోపాటే కూర్చుని తింటున్నాడు. నాకు తెలుసు. అయినా భయపడి నోరు విప్పలేదు. వాణ్ణి తీసేశారు. అప్పట్నుంచీ నా పక్కన ఎవరు లేచినా అడుగుతాను. సతాయిస్తున్నానని తెలుసు."

నాన్సికోంబికి సిగ్గేసింది. మూడుసార్లు ఆవులించినందుకు మరీ సిగ్గేసింది. వెళ్లి టైపు చెయ్యడానికి కూర్చుంది. అతను వెనక నిలబడి తెర మీదికి వంగాడు.

"ఏం రాశావు? 'అజాగ్రత్త'? చప్పగా ఉంది. 'ఘోరమైన అజాగ్రత్త' అని కొట్టు."

"నా వల్ల కాదు సేబో."

"మెత్తగా రాస్తే మేడమ్‌కి అనుమానం వస్తుంది. 'మతిమరుపు' అని కూడా ఎక్కడైనా ఇరికించు. కాస్త పెద్ద అక్షరాల్లో."

కళ్లు తుడుచుకుంటూనే ఆమెకి నవ్వొచ్చేసింది. మేడమ్ సంతకం, స్టాంపు పడిన ఉత్తరాన్ని రుహిందా చెయ్యి చాచి దూరంగా పట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇంకో కాపీ తియ్యి న్యాబో."

"ఫైలుకా సేబో?"

"మా ఆవిడకి. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ఏదీ మర్చిపోనని, నాతో వేగలేకపోతున్నానని ఒకటే గొడవ. ఇవాళ స్టాంపుతో సహా చూపిస్తాను."